1970 షెవర్లే సీ10లో 350 ఇంజిన్, ఆటోమేటిక్ గేర్ బాక్స్ బిగించాలి: ఏ గేర్ బాక్స్ మంచిది?

ట్రక్కు_సుధ
మా దగ్గర 1970 మోడల్ షెవర్లే సీ10 పికప్ ఉంది. పొడుగు బెడ్డు, 250 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్, స్టీరింగ్ కాలమ్ మీద మూడు గేర్ల మాన్యువల్. ఆస్టిన్ శివార్లలో కొద్దిపాటి పొలంలో గోంగూర, బెండ, దోస వేస్తాం. వారాంతంలో సరుకంతా ఈ బండిలోనే ఊళ్లోకి వెళ్లాలి. మా వారి ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది, ఇక క్లచ్ తొక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ఇంజిన్ సంగతి కూడా అంతంతమాత్రమే. రెండు సిలిండర్లలో కంప్రెషన్ పడిపోయింది, నీలం పొగ వస్తోంది.

పక్క పొలం ఆయన దగ్గర 1989 షెవర్లే పికప్ ఉంది. బాడీ తుప్పు పట్టింది కానీ ఇంజిన్ చక్కగా నడుస్తోంది. 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్, 700ఆర్4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్ బాక్స్. బండి మొత్తం మాకే ఇచ్చేశారు.

ఇక్కడి నుంచే తలనొప్పి మొదలైంది. ఒక గ్యారేజీ వాళ్లు 700ఆర్4 కాలిపోతుంది, దాన్ని పారేసి మూడు గేర్ల టీహెచ్350 ఆటోమేటిక్ వేయించుకోండి అన్నారు. ఇంకొకరు అసలు ఈ ఇంజినే వద్దన్నారు. ఇద్దరూ కారణం మాత్రం చెప్పరు. అడిగితే "మీకు అర్థం కాదు మేడమ్" అంటారు. నాకు అర్థమయ్యేలా ఎవరైనా చెబుతారా? మా మరిది ట్రాక్టర్ల పని బాగా తెలిసినవాడు. షెడ్డు, ఇంజిన్ ఎత్తే హాయిస్టు ఉన్నాయి. మేమే బిగించుకోవాలని పట్టుదలగా ఉన్నాం.

ఎల్ఎస్_కిరణ్
అంత శ్రమ పడేటప్పుడు కొత్త తరం ఇంజిన్ వేయండి. 1999 తర్వాతి సిల్వరాడోల్లో వచ్చిన 5.3 లీటర్ల వీ8, దానితోపాటు వచ్చే 4ఎల్60ఈ ఆటోమేటిక్ గేర్ బాక్స్. పాత ఇనుప యార్డుల్లో విరివిగా దొరుకుతుంది. చలికాలం పొద్దున్న తాళం తిప్పగానే లేస్తుంది.

ఇన్‌లైన్_ఆరు
ఒక విషయం ఎవరూ చెప్పలేదు. ఆటోమేటిక్ కావాలంటే ఇంజిన్ మార్చాల్సిన పనే లేదు. ఆ 250 ఆరు సిలిండర్ల ఇంజిన్ వెనుక గేర్ బాక్స్ తగిలే బెల్ హౌసింగ్ బోల్టుల అమరిక, షెవర్లే చిన్న వీ8 వెనుక ఉన్న అమరిక ఒకటే. టీహెచ్350 నేరుగా దానికే కూర్చుంటుంది. ఆరు సిలిండర్లనే బోరింగ్ చేయించి, పిస్టన్లు మార్చి నడుపుకోవచ్చు. బండి పుట్టినప్పటి గుండె బండిలోనే ఉంటుంది.

ట్రక్కు_సుధ
ఈ మాట రెండు గ్యారేజీల్లో ఒక్కరూ చెప్పలేదు! కానీ పక్కాయన ఇంజిన్ చేతికి వచ్చేసింది, అది నడుస్తోంది. పాతదాన్ని బోరింగ్‌కు పంపే ఖర్చుతో ఇక్కడ సగం పని అయిపోతుంది. పాత ఇంజిన్‌ను మాత్రం అమ్మను, గ్రీజు పెట్టి దాచి ఉంచుతాను.

ఇన్‌లైన్_ఆరు
దాస్తానన్నారు, అది చాలు. నా వాదన ఉపసంహరించుకుంటున్నాను.

గోదావరి_గ్యారేజ్
700ఆర్4 కాలిపోతుందన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. అది పూర్తి అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

టీహెచ్350లో ఇంజిన్ మీద ఎంత భారం పడుతోందో తెలుసుకోవడానికి వాక్యూమ్ మాడ్యులేటర్ ఉంటుంది. మానిఫోల్డ్ నుంచి ఒక సన్నని గొట్టం వెళ్తుంది, అంతే. పక్కనుండే కేబుల్ పని గట్టిగా తొక్కినప్పుడు కింది గేరుకు దించడం మాత్రమే. ఆ కేబుల్ తెగినా బండి నడుస్తుంది.

700ఆర్4లో మాడ్యులేటర్ లేదు. మీరు యాక్సిలరేటర్ ఎంత తొక్కారో దానికి చెప్పేది ఒక్క టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబులే. గేర్లు ఎప్పుడు మారాలో మాత్రమే కాదు, లోపలి క్లచ్ ప్లేట్లను ఎంత నూనె ఒత్తిడితో పట్టి ఉంచాలో కూడా ఆ కేబులే నిర్ణయిస్తుంది. కేబుల్ వదులైతే ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ప్లేట్లు జారతాయి. ముందుగా మాడిపోయేది మూడు, నాలుగు గేర్ల క్లచ్. బండి మెత్తగా, హాయిగా గేర్లు మారుస్తున్నట్టే ఉంటుంది కాబట్టి నడిపేవారికి అనుమానం కూడా రాదు.

చాలామంది ఏం చేస్తారంటే, ఇంజిన్ మీద తమకు నచ్చిన కార్బరేటర్ పెట్టి, టీవీ కేబుల్‌ను ఎక్కడో ఒక రంధ్రానికి తగిలిస్తారు. కార్బరేటర్ మీటకు కేబుల్ తగిలే మేకు పొజిషన్ కాస్త తేడా ఉన్నా కేబుల్ లాగే దూరం, లాగే తీరు మారిపోతాయి. తర్వాత గేర్ బాక్స్‌ను తిడతారు. తొలినాళ్ల 700ఆర్4లో లోపాలు ఉన్న మాట నిజం. 1982లో వచ్చినవాటికీ, 1987 తర్వాతి వాటికీ చాలా తేడా ఉంది. మీది 1989. నిర్భయంగా వాడండి.

హైవే_ప్రసాద్
సుధ గారూ, పొలం నుంచి ఊళ్లోకి ఎంత వేగంతో వెళ్తారు? వెనుక యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు తిరగాల్సిన చుట్లు) ఎంత?

ట్రక్కు_సుధ
దారంతా హైవేనే. అందరూ 70 మైళ్లతో పోతుంటారు. ఈ బండి 55 దాటితే అరుపులే. యాక్సిల్ 3.73 అని మరిది లెక్కపెట్టి చెప్పాడు. టైరు ఎత్తు దాదాపు 28 అంగుళాలు.

హైవే_ప్రసాద్
అయితే లెక్క చూడండి. 70 మైళ్ల వేగంలో, 3.73 యాక్సిల్‌తో, నేరు గేరులో ఇంజిన్ నిమిషానికి సుమారు 3,130 చుట్లు తిరుగుతుంది. టీహెచ్350లో పై గేరు అదే, మూడోది, 1.00. మీ ఇప్పటి మాన్యువల్‌లోనూ పై గేరు అంతే, అందుకే ఆ అరుపు. 700ఆర్4 నాలుగో గేరు 0.70. అదే వేగంలో 2,190 చుట్లు చాలు. తేడా చెవికే తెలుస్తుంది. మొదటి గేరు చూసినా టీహెచ్350లో 2.52, దీనిలో 3.06. బస్తాలతో గట్టు ఎక్కేటప్పుడు ఆ తేడా బాగా పనికొస్తుంది.

షార్జా_మూర్తి
నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీల పని నేర్చుకుని, ఆ తర్వాత చాలా ఏళ్లు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పని చేశాను. అక్కడ అరబ్బుల అమెరికన్ పికప్‌లు, కాప్రిస్ కార్లు ఎన్నో చేతుల మీదుగా వెళ్లాయి. సుధమ్మా, ఏ గేర్ బాక్స్ వేసినా సరే, పని చెడేది ఒకే చోట. ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా గేర్ బాక్స్‌కు చేర్చే టార్క్ కన్వర్టర్ దగ్గర. అది చెబుతాను, మీ మరిదిని కూడా కూర్చోబెట్టి చదివించండి.

కన్వర్టర్‌ను గేర్ బాక్స్ షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు అది మూడు చోట్ల గాడిలో పడాలి. ముందు స్టేటర్ షాఫ్టు పళ్లు, తర్వాత ఇన్‌పుట్ షాఫ్టు పళ్లు, చివరికి గేర్ బాక్స్ నూనె పంపును తిప్పే గాడి. అరచేతులతో లోపలికి నొక్కుతూ మెల్లగా ఇటూ అటూ తిప్పుతూ ఉంటే ఒక్కో చోట టక్కుమని లోపలికి దిగుతుంది. రెండు టక్కులకే సరిపోయిందనుకుంటారు చాలామంది. మూడోది పడలేదంటే పంపు గాడిలో కూర్చోలేదన్నమాట.

తర్వాత పరీక్ష ఉంది. గేర్ బాక్స్‌ను ఇంజిన్‌కు ఆనించినప్పుడు రెండు ముఖాలూ చేత్తో నెడితేనే పూర్తిగా కలిసిపోవాలి. సందు కనిపిస్తే బోల్టులు బిగించి దగ్గరకు లాగవద్దు! అలా లాగారంటే పంపు పగిలిపోతుంది. అది పగిలిన సంగతి ఇంజిన్ స్టార్ట్ చేసేదాకా తెలియదు. షార్జాలో మా పక్క షెడ్డులో ఒక కుర్రవాడు సరిగ్గా ఇలాగే చేశాడు. బండి అంగుళం కదలలేదు, మళ్లీ మొత్తం కిందికి దించాల్సి వచ్చింది.

బోల్టులన్నీ బిగించాక కన్వర్టర్ చేత్తో సులువుగా తిరగాలి. దానికీ, ఇంజిన్ క్రాంక్‌కు తగిలి ఉండే పళ్ల పలక ఫ్లెక్స్ ప్లేటుకూ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పదహారింట మూడు వంతుల దాకా ఖాళీ ఉండాలి. ఆ ఖాళీని కన్వర్టర్‌ను ముందుకు లాగి పూడ్చి, అప్పుడు దాని బోల్టులు బిగించాలి. ఖాళీ లేకపోతే ఆగిపోండి, విప్పండి.

నట్టుబోల్టు_నల్లగొండ
మూర్తి గారి ఈ పోస్టును అచ్చు వేయించి ప్రతి షెడ్డు గోడకూ అంటించాలి.

ట్రక్కు_సుధ
మరిది చదివాడు. "మూడు టక్కులు" అని సుద్దముక్కతో షెడ్డు తలుపు మీద రాసేశాడు.

వైరింగ్_పద్మ
ఇప్పుడు అసలు ప్రశ్న. సుధ గారూ, ఆ 1989 ఇంజిన్ మీద ఇంధనం ఎలా వస్తోంది? ఫ్యాక్టరీ థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ ఇంకా ఉందా, లేక ఎవరైనా పీకేసి కార్బరేటర్ పెట్టారా?

ట్రక్కు_సుధ
ఇంజెక్షనే. గాలి వడపోత డబ్బా కింద రెండు ఇంజెక్టర్లు పైనుంచి పిచికారీ చేస్తుంటాయి. గ్యారేజీ ఆయన అది పీకేసి కార్బరేటర్ పెట్టడం తేలిక అన్నారు.

వైరింగ్_పద్మ
పీకవద్దు, దయచేసి. పీకితే వరుసగా ఏమేం మార్చాలో చూడండి. మొదట ఇన్‌టేక్ మానిఫోల్డ్. 1987 తర్వాతి ఇనుప హెడ్లలో మధ్యనున్న నాలుగు ఇన్‌టేక్ బోల్టుల కోణం పాతవాటికి భిన్నం, కాబట్టి పాత 350 మానిఫోల్డ్ నేరుగా కూర్చోదు. తర్వాత డిస్ట్రిబ్యూటర్. ఇప్పుడున్నది కంప్యూటర్ చెప్పినట్టు స్పార్క్ ఇస్తుంది, కంప్యూటర్ తీసేస్తే వాక్యూమ్ అడ్వాన్స్ ఉన్న వేరే డిస్ట్రిబ్యూటర్ కొనాలి. హైవే మీద ఇంజిన్‌ను గేర్ బాక్స్‌తో నేరుగా కలిపే కన్వర్టర్ లాకప్‌ను కూడా ఆ కంప్యూటరే వేస్తుంది, తీస్తుంది. అది లేకపోతే బ్రేకు స్విచ్చు మీదుగా విడిగా వైరింగ్ చేయాలి. లాకప్ అసలు కలపకుండా హైవే మీద నాలుగో గేరులో తిప్పితే నూనె కాగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం గోదావరి గారు చెప్పిన టీవీ కేబుల్. మీ థ్రాటిల్ బాడీ మీద ఆ కేబుల్ తగిలే మేకు ఫ్యాక్టరీ వాళ్లు కొలిచి పెట్టినది. దాన్ని కదిలించకపోతే ఆ సమస్య పుట్టదు.

గోదావరి_గ్యారేజ్
పద్మ గారు నూటికి నూరుపాళ్లు నిజం చెప్పారు. ఇంజిన్, గేర్ బాక్స్, థ్రాటిల్ బాడీ, కేబుల్, కంప్యూటర్, వైర్ల కట్ట, సెన్సర్లు, సెల్ఫ్ మోటారు, ఫ్లెక్స్ ప్లేటు అన్నీ ఒక కుటుంబం. ఒకే బండి నుంచి వచ్చినవాటిని విడదీయవద్దు.

ముఖ్యంగా ఫ్లెక్స్ ప్లేటు. 1986 నుంచి 350 క్రాంక్‌కు వెనుక సీలు ఒకే ముక్క. అంతకుముందు రెండు ముక్కలు. ఒకే ముక్క సీలు ఇంజిన్‌లో బ్యాలెన్సుకు కావలసిన బరువు కొంత ఫ్లెక్స్ ప్లేటు మీదే ఉంటుంది. ఎవరో పాతది ఉందని ఇస్తే తగిలించారనుకోండి, బోల్టులే కుదరవు. ఎలాగో కుదిర్చినా ఇంజిన్ వణుకుతుంది. సెల్ఫ్ మోటారు కూడా అంతే. ఫ్లెక్స్ ప్లేటుకు 153 పళ్లుంటే ఒక రకం, 168 పళ్లుంటే వేరే రకం, బోల్టుల వరుసే వేరు.

ఎల్ఎస్_కిరణ్
కంప్యూటర్, ఇంజెక్షన్ ఉంచేట్టయితే నాకు అభ్యంతరం లేదు. నా బాధల్లా కార్బరేటర్ గురించే. ఒక్క చిక్కు మాత్రం ఉంది: స్పీడోమీటర్. 1989 పికప్‌లో గేర్ బాక్స్ తోక దగ్గర వైర్లతో సెన్సర్ ఉంటుంది, సీ10కి కావలసింది తిరిగే కేబుల్. తోక హౌసింగ్ మార్చి కేబుల్ రకం వేస్తే కంప్యూటర్‌కు వేగం తెలియదు, లాకప్ గందరగోళమవుతుంది.

వైరింగ్_పద్మ
కాబట్టి తోక మార్చవద్దు. ఉపగ్రహ సంకేతంతో పనిచేసే స్పీడోమీటర్లు పాత డయల్ రూపంలోనే దొరుకుతున్నాయి. లేదంటే సెన్సర్ సంకేతం తీసుకుని పాత కేబుల్‌ను మోటారుతో తిప్పే డబ్బాలు ఉన్నాయి. ముఖం పాతదే ఉంటుంది.

పాతిక_ఏళ్ల_డ్రైవర్
పెట్రోలు ట్యాంకు గురించి ఎవరూ మాట్లాడరేమి? ఆ మోడల్‌లో ట్యాంకు క్యాబిన్‌లో, సీటు వెనుకే ఉంటుంది. మీ తల వెనుక పెట్రోలు! ఇంజెక్షన్‌కు కరెంటు పంపు, తిరిగి వచ్చే గొట్టం రెండూ కావాలి. ఆ పాత ట్యాంకుకు తిరుగు గొట్టం ఏర్పాటు చేసి, క్యాబిన్‌లో కొత్త జాయింట్లు పెట్టడం నాకు ఇష్టం లేదు. బెడ్డు కింద ఫ్రేము పట్టాల మధ్య కూర్చునే ట్యాంకులు దొరుకుతాయి. ఖర్చయినా అది వేయించండి.

ట్రక్కు_సుధ
పిల్లలను ఎక్కించుకుంటాం కాబట్టి ట్యాంకు మార్చేస్తాం. దీని మీద ఇంట్లో చర్చే లేదు.

గోదావరి_గ్యారేజ్
ఇక ఫ్రేము కింద పని. ఆరు సిలిండర్ల ఇంజిన్ కూర్చునే స్టాండ్లు వీ8కు పనికిరావు. మీ మోడల్‌కు సరిపోయే వీ8 స్టాండ్లు కొత్తవే అమ్ముతున్నారు, కొనేయండి, వెల్డింగ్ చేసి సొంతంగా తయారుచేయవద్దు. ముందు ఇంజిన్‌ను గేర్ బాక్స్‌తో సహా వేలాడదీసి, ఫ్యాను, రేడియేటర్ మధ్య ఖాళీ, వెనుక డిస్ట్రిబ్యూటర్‌కూ క్యాబిన్ గోడకూ మధ్య ఖాళీ చూసుకోండి. గేర్ బాక్స్‌ను మోసే అడ్డుబద్ద ఎక్కడికి రావాలో అప్పుడు గుర్తు పెట్టుకోవాలి. 700ఆర్4 మౌంటు చిన్న తోక టీహెచ్350 మౌంటు కన్నా దాదాపు రెండు అంగుళాలు వెనక్కి ఉంటుంది, మొత్తం పొడవు మూడు అంగుళాలు ఎక్కువ. అందుకే వేరేవాళ్ల కొలతలు నమ్మి ముందే రంధ్రాలు వేయవద్దు.

మీది పొడుగు బెడ్డు కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు రెండు ముక్కలుగా, మధ్యలో బేరింగ్‌తో ఉంటుంది. ముందు ముక్కను మాత్రమే కోయించుకుంటే చాలు. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే కొలవండి, జాకీల మీద వేలాడుతున్నప్పుడు కాదు. కోసి అతికాక తప్పకుండా బ్యాలెన్సు చేయించాలి.

షార్జా_మూర్తి
జాయింట్ క్రాసులు కూడా అప్పుడే కొత్తవి వేయించండి. మళ్లీ విప్పే పని ఉండదు.

నట్టుబోల్టు_నల్లగొండ
బ్రేకుల మాట? 1970 సీ10కి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ముందు డిస్కులు 1971 నుంచి వచ్చాయి. వీ8 వేసి 70 మైళ్లతో పోయే బండిని ఆ డ్రమ్ములతో ఆపడం నాకు మనసొప్పదు.

ట్రక్కు_సుధ
డిస్కుల కిట్టు ఇప్పటికే వచ్చి పెట్టెలో ఉంది. చక్రానికి ఆరు బోల్టులవే తెప్పించాం, పాత చక్రాలు అలాగే వాడుకోవడానికి. ముందు బ్రేకులు, తర్వాతే ఇంజిన్.

గుంటూరు_జీపు
మా తాతగారి పాత జీపు పికప్ ఉంది. మన దగ్గర ఇలా వేరే ఇంజిన్, ఆటోమేటిక్ వేయించుకోవచ్చా?

పాతిక_ఏళ్ల_డ్రైవర్
మన దేశంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్పుకు ముందుగా రవాణా శాఖ అనుమతి కావాలి. పైగా 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కానీ బండి అసలు రూపంలో ఉండాలి. తాతగారి జీపుకు వేరే ఇంజిన్ వేస్తే ఆ గౌరవం పోతుంది. ఉన్న ఇంజినే బాగు చేయించండి.

గుంటూరు_జీపు
అర్థమైంది. ఉన్నదే బాగు చేయిస్తాను.

ట్రక్కు_సుధ
టెక్సాస్‌లో ఆ బాధ లేదు. సొంత బండ్లకు ఏటా చేసే భద్రతా తనిఖీని 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు, ఇంత పాత బండికి పొగ పరీక్ష కూడా లేదు. ఎవరూ తనిఖీ చేయరు కాబట్టే మేమే రెండింతలు జాగ్రత్తగా చూసుకోవాలి.

మా నిర్ణయం ఇది. 1989 బండి నుంచి అన్నీ కలిపి తీస్తాం: 350, ఇంజెక్షన్, 700ఆర్4, కంప్యూటర్, వైర్ల కట్ట. బెడ్డు కింద కొత్త ట్యాంకు. ఉపగ్రహ స్పీడోమీటర్. క్లచ్ పెడల్ తీసేస్తాం. గేరు కర్ర కాలమ్ మీదే ఉండాలని నా కోరిక, ముగ్గురు కూర్చునే సీటు కదా. పాత ఆటోమేటిక్ కాలమ్ దొరికితే సరిపోతుందా?

గోదావరి_గ్యారేజ్
సరిపోతుంది, కానీ అది మూడు గేర్ల ఆటోమేటిక్ కోసం చేసింది. మీదానికి ఒక స్థానం ఎక్కువ. లోపలి గాడి పలక, పైన అక్షరాల పట్టీ మార్చే కిట్లు ఉన్నాయి. అవి వేయకపోతే కర్ర ఎక్కడ ఉందో, గేర్ బాక్స్ ఎక్కడ ఉందో పొంతన కుదరదు.

వైరింగ్_పద్మ
న్యూట్రల్ సేఫ్టీ స్విచ్చు మరచిపోవద్దు. పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే సెల్ఫ్ తిరగాలి. రివర్సు దీపాలు కూడా అక్కడి నుంచే.

హైవే_ప్రసాద్
గోంగూర వీ8 మీద వస్తోందంటే ఆస్టిన్‌లో జాడీలు ముందే కడిగి పెట్టుకోవాలి.

ట్రక్కు_సుధ
మీకు మొదటి కట్ట ఉచితం ప్రసాద్ గారూ. ఒక ప్రశ్న మిగిలింది. మా రేడియేటర్ మాన్యువల్ బండిది, గేర్ బాక్స్ నూనె చల్లబరిచే గొట్టాలు దానికి లేవు. విడి కూలర్ చాలా?

షార్జా_మూర్తి
టెక్సాస్ ఎండల్లో, బరువుతో తిరిగే బండికి పెద్ద విడి కూలర్ రేడియేటర్ ముందు పెట్టండి. రబ్బరు గొట్టం వీలైనంత తక్కువ, ఇనుప గొట్టం ఎక్కువ ఉండాలి. ఎగ్జాస్టుకు ఆనకుండా చూడండి. 1989 బండి కూలర్, గొట్టాలు కడిగినా మళ్లీ వాడవద్దు, పాత మడ్డి కొత్త నూనెలో కలుస్తుంది.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు నూనె ఒకేసారి మొత్తం పోయవద్దు. కొంత పోసి, ఇంజిన్ తిరుగుతుండగా మిగతాది. కొలిచేది పార్క్‌లో, ఇంజిన్ నడుస్తూ, నూనె వేడెక్కాక. టీవీ కేబుల్ సర్దడానికి అక్కడున్న చిన్న మీట నొక్కి, జారుడు ముక్కను థ్రాటిల్‌కు దూరంగా పూర్తిగా వెనక్కి నెట్టి, మీట వదిలి, థ్రాటిల్‌ను చేత్తో చివరిదాకా తెరవండి. టకటకమని తన స్థానానికి తానే వస్తుంది. తర్వాత ఒత్తిడి గేజీ తగిలించి చూశాకే రోడ్డెక్కించండి.

ట్రక్కు_సుధ
గేజీ ఎంతవరకు చూపేది తీసుకోవాలి?

షార్జా_మూర్తి
300 పీఎస్ఐ దాకా చూపేది తీసుకోండమ్మా. గొట్టం పొడవుగా ఉంటే క్యాబిన్‌లో కూర్చునే చూడవచ్చు. థ్రాటిల్ తెరిచేకొద్దీ ముల్లు పైకి వెళ్లాలి. వెళ్లకపోతే ఇంజిన్ ఆపేసి ఇక్కడ రాయండి.